తుర్రుమనే మాటల పనితనం

'ఫ్లిట్' అని ఒకసారి నెమ్మదిగా పైకి అని చూడండి. ముందు కింది పెదవి పైపళ్ళకు ఆనీ ఆనకముందే గాలి బయటికి పోతుంది. నాలుక కొన పైచిగుళ్ళ వెనక్కి చేరి 'ల్' అంటుంది. అక్కణ్ణుంచి ఒక్క హ్రస్వమైన 'ఇ' పలికేంతసేపు కిందికి జారి, మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చి 'ట్' దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లీషువాళ్ళు 'ట్'ను మనలా నాలుక మడిచి పలకరు, 'ల్' పలికిన చోటే పలుకుతారు. అంటే నాలుక ఒక చోట లేచి, రవ్వంత ఎగిరి, వాలిందన్నమాట. ఒక రెమ్మ మీంచి లేచి పక్క రెమ్మ మీద వాలే తేనెపిట్టను చూసినవాళ్ళకు ఈ మాట అర్థం వేరే చెప్పనక్కర్లేదు. పిట్ట చేసిన పని నాలుక నోట్లో చేసి చూపించింది.

అదే మాటకు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో సాధారణంగా కనిపించేది 'వేగంగా కదులు'. డార్ట్‌కూ ఇంచుమించు అదే. స్కర్రీకీ అదే, కాస్త మారిస్తే 'తొందరగా పరుగెత్తు'. పదిహేను ఇరవై క్రియల్ని ఒక్క గాటన కట్టేసినట్టయింది. ఇంగ్లీషు పాఠం చదివే పిల్లలు ఈ అర్థాల్ని పక్కన రాసుకుని, అన్నీ ఒకటే కదా అని ముందుకు వెళ్ళిపోతారు. ఒకటి కాదు. వీటిలో ఒక్కొక్కటీ ఎవరు కదులుతున్నారు, దేని మీద కదులుతున్నారు, భయంతోనా సరదాగానా, గీత గీసినట్టా వంకరటింకరగానా అన్నదంతా ఒక్క అక్షరం దండగ చేయకుండా చెబుతుంది. ఆ పనితనాన్ని దగ్గరగా చూపించాలనే ఈ వ్యాసం.

దీన్ని చరోదాలో కూర్చుని రాయడానికి కారణం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయి-3ను ఆనుకుని, హౌరా-ముంబయి రైలుమార్గం మీద ఉన్న ఊరిది. భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారానికి వచ్చే ముడిసరుకునూ అక్కణ్ణుంచి వెళ్ళే ఉక్కునూ మోసే వ్యాగన్లను విడదీసి, కూర్చి, పంపే మార్షలింగ్ యార్డు చుట్టూ చరోదా పెరిగింది. వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ అన్నీ ఒకప్పుడు ఒకే ఆగ్నేయ రైల్వే కింద ఉండేవి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు రైలు పనుల కోసం ఈ దారిన పైకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు వాళ్ళ మనవల కాలం. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, వీధిలో హిందీ, బజార్లో ఛత్తీస్‌గఢీ, పుస్తకంలో ఇంగ్లీషు. చటుక్కున, ఫుర్ర్, ఫ్లిట్ మూడూ ఒకే పూట వినిపించే చెవులు ఈ ఊళ్ళో కావలసినన్ని. అలాంటి చెవికి నిఘంటువు ఇచ్చే 'వేగంగా కదులు' చాలదు. ఆ చెవికి తెలిసినదాంతోనే ఇంగ్లీషు క్రియల్ని విడమర్చవచ్చు.

ముందు డార్ట్. ఇది పుట్టుకతో ఆయుధం. చేత్తో విసిరే చిన్న ఈటెకు పాత ఫ్రెంచిలో ఉన్న పేరు ఇంగ్లీషులోకి వచ్చి, తర్వాత క్రియ అయింది. ఆ ఈటె గుణాలేవీ మాట ఇప్పటికీ వదులుకోలేదు. డార్ట్ చేసే ప్రాణి తిన్నగా పోతుంది. దానికి ఒక గురి ఉంటుంది. బయల్దేరడమూ హఠాత్తే, ఆగడమూ హఠాత్తే. చెరువు గట్టు తీగ మీద కూర్చున్న లకుముకిపిట్ట నీటిలోకి దూకితే అది డార్ట్. గోడ మీద బల్లి పురుగు కోసం ఒక్క జానెడు ముందుకు దూసుకుపోతే అది డార్ట్. సీతాకోకచిలుకకు మాత్రం ఈ మాట తగదు. దానికి గురి ఉన్నట్టు కనిపించదు. శబ్దం కూడా చూడండి: 'డ్' దగ్గర నాలుక నొక్కుకుని ఉంటుంది, 'ఆ' దగ్గర నోరు పూర్తిగా తెరుచుకుంటుంది, 'ట్' దగ్గర మళ్ళీ ఠక్కున మూసుకుంటుంది. విసరడం, దూసుకెళ్ళడం, గుచ్చుకోవడం. ఫ్లిట్‌లో ఉన్న 'ట్' ఇక్కడా ఉంది, కానీ మధ్యలో హ్రస్వమైన 'ఇ' బదులు దీర్ఘమైన 'ఆ' రావడంతో బలం పదింతలైంది.

ఈ మాటతోనే ఇంగ్లీషువాళ్ళు ఒక పక్షికి పేరు పెట్టారు. పాములాంటి మెడ ఉన్న నీటిపక్షి, ఒళ్ళంతా నీటిలో ముంచి మెడ ఒక్కటే బయటపెట్టి ఈదుతుంది. దాన్ని డార్టర్ అంటారు. ఆ మెడ ఎముకల్లో ఒక మలుపు ఉంటుంది. దాన్ని వెనక్కి ముడిచి ఒక్కసారిగా వదిలితే కత్తిలాంటి ముక్కు చేపలో దిగబడుతుంది. పేరు పెట్టినవాళ్ళు రంగు చూడలేదు, ఆకారం చూడలేదు, ఆ ఒక్క విసురు చూశారు. ఈటె తిరిగి ఈటె అయిన సందర్భమిది. అడ్డవిల్లు నుంచి వదిలే పొట్టి బాణానికి పేరైన బోల్ట్ కూడా ఇలాగే క్రియ అయింది, కానీ దాని దారి వేరు. బెదిరిన గుర్రం కళ్ళెం తెంచుకుని పోవడం బోల్ట్. గురి చూసి పోవడం డార్ట్, ఉన్న చోటు నుంచి తప్పించుకుపోవడం బోల్ట్. రెండూ ఒకే అమ్ములపొదిలోవి అయినా కలవవు.

స్కిమ్ ఇంకా నాజూకు. పాల మీద మీగడ తీయడం, ఉడుకుతున్న దాని మీద నురుగు తీయడం దీని మొదటి పని. కొవ్వు తీసిన పాలను స్కిమ్‌డ్ మిల్క్ అనడం మనకూ తెలుసు. పైపొరను మాత్రమే తాకి కింద ఉన్నదాన్ని కదపకుండా పోవడం అన్న ఆ ఒక్క లక్షణాన్ని పట్టుకుని, నీటి మీద ఎగిరే పిట్టకు ఈ క్రియను తొడిగారు. చివర ఉన్న 'మ్' ఇందులో అసలు పనితనం. ఫ్లిట్, డార్ట్, జిప్ ఇవన్నీ నోరు మూసి మాటను తెంపేస్తాయి. 'మ్' దగ్గర పెదవులు మూసుకున్నా శబ్దం ఆగదు, ముక్కు గుండా సాగుతూనే ఉంటుంది. పిట్ట నీటిని తాకి ఆగలేదు, ఇంకా పోతూనే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టి ఒడిశాకు పారే మహానది ఇసుకతిన్నెల మీద గూళ్ళు పెట్టే ఇండియన్ స్కిమ్మర్ ముక్కు చూస్తే ఈ పేరు ఎంత కొలిచి పెట్టారో తెలుస్తుంది. దాని కింది ముక్కు పైముక్కు కన్నా పొడవు. ఎగురుతూనే ఆ కింది ముక్కును నీటిలో ఆనించి, గీత గీసుకుంటూ పోయి, తగిలిన చేపను పట్టుకుంటుంది. శీతాకాలంలో ఈ పక్షులు కాకినాడ తీరానికి కూడా వస్తాయి.

వానాకాలం మొదట్లో మైదానాల మీద గుంపులు గుంపులుగా తిరిగే పసుపుపచ్చ తూనీగకు కూడా ఇంగ్లీషులో గ్లోబ్ స్కిమ్మర్ అని పేరు. ఈ తూనీగలు గాలివాటాన హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా చేరుతాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అంత దూరం పోయే ప్రాణికి కూడా పైపైన తేలిపోయే గుణాన్ని బట్టే పేరు.

ఇక స్కర్రీ, స్కాంపర్, స్కటిల్, స్కిట్టర్. నాలుగూ 'స్క్'తో మొదలవుతాయి. నాలుగూ నేల మీద చిన్న కాళ్ళతో చేసే పరుగులే. ఇక్కడే నిఘంటువులు చేతులెత్తేస్తాయి, ఇక్కడే తేడాలు అన్నిటికన్నా అందంగా ఉంటాయి.

స్కర్రీలో కంగారు ఉంది. వాన మొదలవగానే ఆరేసిన బట్టల కోసం పరుగెత్తేవాళ్ళు, దీపం వేయగానే బియ్యం బస్తా వెనక్కి పోయే ఎలుకలు. చిన్న చిన్న అడుగులు, ఎక్కువ అడుగులు. దీని పుట్టుక మన తెలుగువాళ్ళకు మరీ నచ్చాలి. 18వ శతాబ్దిలో ఇంగ్లీషువాళ్ళు హర్రీ-స్కర్రీ అనే జంట మాట వాడేవారు. హర్రీ అంటే తొందర, స్కర్రీ దానికి తోక. మనం పుస్తకం గిస్తకం, పెళ్ళి గిళ్ళి అన్నట్టే. తర్వాత ఆ తోక విడిపోయి తనంతట తానే క్రియగా నిలబడింది. మన 'గిస్తకం' ఏనాడూ అలా ఒంటరిగా నిలబడలేదు. ఇంగ్లీషులో తోకకు ప్రాణం వచ్చింది, కానీ తోకగా ఉన్నప్పటి గాభరా దాన్ని వదల్లేదు.

స్కాంపర్‌లో సరదా ఉంది. 17వ శతాబ్దిలో అది పుట్టినప్పుడు పారిపోవడమనే అర్థమే ఉండేది. ఇప్పుడు ఆ భయం పూర్తిగా పోయింది. బడి గంట కొట్టగానే పిల్లలు, కట్టు విప్పగానే లేగదూడ, కొత్తగా పరుగు నేర్చిన కుక్కపిల్ల స్కాంపర్ చేస్తాయి. మన 'చెంగుచెంగున' దీనికి సరిజోడు. రెండింటిలోనూ పరుగు మధ్య గెంతు ఉంది.

స్కటిల్ కాస్త అసహ్యం పుట్టించే మాట. పీత, బొద్దింక. ఒంటికి దగ్గరగా ఉన్న కాళ్ళతో, గోడ వారగా, పక్కవాటుగా పోవడం. కిప్లింగ్ 1894లో అచ్చయిన జంగిల్ బుక్‌లో ముంగిస కథ ఒకటి రాశాడు. అందులో చుచుంద్రా అనే ప్రాణి ఎప్పుడూ గోడవారనే తిరుగుతుంది, గది మధ్యలోకి రావడానికి దానికి ధైర్యం చాలదు. స్కటిల్ అన్న మాటకు తగిన బతుకు దానిది. అదే కథలో ముంగిసది డార్ట్ బతుకు. ఒకే ఇంట్లో ఉన్న రెండు చిన్న జంతువులకు రెండు క్రియలు ఎలా పంచాలో ఆ కథ చదివితే తెలుస్తుంది.

స్కిట్టర్ ఈ నాలుగింటిలో అతి తేలిక. ఇందులో ప్రాణి కన్నా నేల ముఖ్యం. గచ్చు మీద ఎండుటాకు గాలికి గీసుకుంటూ పోవడం, రేకు కప్పు మీద ఉడుత గోళ్ళ చప్పుడు. బరువు ఉంటే స్కిట్టర్ కాదు. నేల మెత్తగా ఉన్నా కాదు.

ఉడుతను ఇంకాస్త సేపు చూద్దాం, దాని దగ్గర ఈ క్రియల్లో కొన్ని ఒకచోట దొరుకుతాయి. రైల్వే క్వార్టర్స్ ప్రహరీ గోడ మీద అది ఎప్పుడూ ఒకే పరుగు తీయదు. ముందు నాలుగు కాళ్ళూ గోడకు అతికినట్టు ఆగి ఉంటుంది, తోక ఒక్కటే వణుకుతుంటుంది. తర్వాత రెండు మూడు అడుగుల దూరం ఒక్క విసురు, అది డార్ట్. మళ్ళీ బిగుసుకుపోతుంది. కింద మనిషి అలికిడి వినపడితే రేకు మీదికి ఎగబాకుతుంది, గోళ్ళు జారి చప్పుడవుతాయి, అది స్కిట్టర్. ఇంకో ఉడుత దాని వెంటపడితే వేపచెట్టు మొదలు చుట్టూ గిరగిరా తిరుగుతూ పైకి పోతాయి, అది స్కాంపర్. ఒక్క నిమిషంలో మూడు క్రియలు మారాయి. ఇంగ్లీషు రచయిత ఈ నిమిషాన్ని మూడు మాటల్లో కట్టేస్తాడు. 'వేగంగా కదిలింది' అని మూడుసార్లు రాస్తే ఉడుత చచ్చిపోతుంది.

ఇలా ఒకే హల్లుల జంటతో మొదలయ్యే మాటలు ఒకే రకం భావాన్ని మోయడాన్ని పట్టించుకుని పేరు పెట్టినవాడు జె.ఆర్.ఫర్త్. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 1890లో పుట్టాడు. 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడు. 1930లో వచ్చిన 'స్పీచ్' అనే చిన్న పుస్తకంలో ఈ సంగతిని చర్చించి, అలాంటి శబ్దపు తునకలకు 'ఫోనెస్తీమ్' అని పేరు పెట్టాడు. ఫ్లై, ఫ్లిట్, ఫ్లటర్, ఫ్లాప్, ఫ్లిక్, ఫ్లిప్ ఇవన్నీ ఒక్క ధాతువు నుంచి పుట్టినవి కావు. ఫ్లిట్ పాత నార్స్ భాష నుంచి వచ్చింది. ఫ్లటర్ పాత ఇంగ్లీషులో అలల మీద అటూ ఇటూ తేలడమనే అర్థమున్న మాట. ఎక్కడెక్కడివో వచ్చి 'ఫ్ల్' అన్న గుమ్మం దగ్గర చేరాయి. ఒకసారి చేరాక ఒకదాని రంగు మరొకదానికి అంటింది. తేలిపోవడమనే అర్థమున్న ఫ్లటర్‌కు రెక్కలొచ్చింది అలాగే. ఫర్త్ 1937లో మళ్ళీ భారతదేశం వచ్చి గుజరాతీ, తెలుగు భాషల మీద పనిచేశాడు. శబ్దానికీ భావానికీ ఉన్న చుట్టరికాన్ని అంత శ్రద్ధగా విన్న చెవి మన తెలుగును కూడా విన్నదని తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

అచ్చుల సంగతి కూడా గమనించండి. ఫ్లిట్, ఫ్లిక్, జిప్, నిప్, స్కిప్, స్కిమ్, విస్క్, స్కిట్టర్. అన్నిటిలో హ్రస్వమైన 'ఇ'. పెద్ద విసురుండే డార్ట్‌లో 'ఆ', డాష్, స్కాంపర్‌లలో 'యా'కు దగ్గరి అచ్చు. భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్ 1929లో అర్థం లేని మిల్, మల్ అనే రెండు మాటలు వినిపించి, ఒకటి పెద్ద బల్ల, ఒకటి చిన్న బల్ల అనుకుంటే ఏది ఏదని మనుషుల్ని అడిగాడు. 'ఇ' ఉన్నదే చిన్నదని ఎక్కువమంది చెప్పారు. మనల్ని అడిగితే అంత ఆలోచించనక్కర్లేదు. టకటకా కన్నా టికటికా చిన్నది. గడియారం టిక్కుమంటుంది, తలుపు టక్కుమంటుంది. పిచ్చుకలు కిచకిచలాడతాయి. చిన్న ప్రాణి, చిన్న చప్పుడు, చిన్న అచ్చు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ముచ్చట గొలిపేది మాట చివరి కీలు. ఇంగ్లీషులో పాట్ అంటే ఒక్కసారి తట్టడం. పాటర్ అంటే చినుకులు వరసగా పడటం. వాగ్ ఒక ఊపు, వాగిల్ పదేపదే ఊపడం. స్పార్క్ ఒక నిప్పురవ్వ, స్పార్కిల్ అదేపనిగా మెరవడం. ఫ్లిట్‌కు ఫ్లిట్టర్. చివర 'అర్' గానీ 'ఇల్' గానీ తగిలిస్తే ఒక్కసారి జరిగింది పలుసార్లవుతుంది, కదలిక చిన్నదవుతుంది, సాగుతుంది. తెలుగు ఈ పనిని ఎలా చేస్తుందో చూడండి. గబుక్కున లేచాడు, గబగబా నడిచాడు. తళుక్కున మెరిసింది, తళతళా మెరుస్తోంది. గుటుక్కున మింగాడు, గుటగుటా తాగాడు. టపుక్కున రాలింది, టపటపా రాలుతున్నాయి. 'క్కున' అంటే ఒక్క దెబ్బ. మాటను జంట చేస్తే వరస. మన కీలు వాళ్ళ కీలు కన్నా స్పష్టమైనది కూడా. ఇంగ్లీషు పాత కీళ్ళు ఇప్పుడు బిగుసుకుపోయాయి, ఇష్టమొచ్చిన మాటకు 'అర్' తగిలించడం కుదరదు. మనకు ఇవాళ్టికీ అది ఆడుతూనే ఉంది. పాటర్ అనే మాట చినుకులకు ఎందుకు నప్పిందో పిల్లలకు చెప్పాల్సి వస్తే, గబుక్కునకూ గబగబకూ ఉన్న తేడా అడిగితే చాలు. వాళ్ళకది ముందే తెలుసు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. ఫ్లిట్‌ను మన నోట్లో వేస్తే ఫ్లిట్టు అవుతుంది, చివర ఠక్కున ఆగడం పోతుంది. మరి మన తుర్రు, రివ్వు, సర్రు, చివ్వు అంత చురుగ్గా ఎలా ఉన్నాయి? వాటి చివరా 'ఉ' ఉంది కదా? రహస్యం మధ్యలో ఉంది. హల్లును ఒత్తి పలుకుతాం. 'ర్ర', 'వ్వ' దగ్గర నోరు ఒక్క క్షణం నొక్కిపెట్టి వదిలిన స్ప్రింగులా పనిచేస్తుంది. ఇంగ్లీషు చివర్లో చేసే పనిని తెలుగు నడుమ చేస్తుంది. అందుకే బస్ మనకు బస్సు అయింది, కప్ కప్పు అయింది. 'బసు' అని ఊరుకోలేదు. హ్రస్వం తర్వాత ఉన్న ఆ చురుకును పోనివ్వకూడదని నోరు తనంతట తానే హల్లును ఒత్తింది. ఫ్లిట్టు అనే పిల్లవాడి ఉచ్చారణను దిద్దాలి, నిజమే. కానీ ఆ ఒత్తులో వాడు మాట ప్రాణాన్ని కాపాడుకున్నాడని కూడా గుర్తించాలి.

వీధిలోకి వస్తే హిందీవాళ్ళ పిల్లలు పిట్ట ఫుర్ర్ అని ఎగిరిందంటారు. ఇంట్లో అది తుర్రుమంటుంది. వాళ్ళు చట్ సే అంటే మనం చటుక్కున అంటాం. వాళ్ళు సర్ర్ సే అంటే మనం సర్రున అంటాం. ఇవి ఒకరి నుంచి ఒకరు అరువు తెచ్చుకున్న విడి మాటలు మాత్రమే కావు. ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువును బరోతో కలిసి 1961లో తెచ్చిన ఎమెనో, 1969లో 'లాంగ్వేజ్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆర్య భాషలూ ద్రావిడ భాషలూ కుటుంబాలు వేరైనా, ఈ అనుకరణ పదాల విషయంలో భారతదేశమంతా ఒకే భాషా ప్రాంతంలా నడుస్తుందని అందులో చూపించాడు. ఆ మాటకు రుజువు వెతకడానికి చరోదాలో ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, సాయంత్రం క్వార్టర్స్ మధ్య ఆడుకునే పిల్లల పక్కన నిలబడితే చాలు.

అయితే తెలుగు, ఇంగ్లీషు ఈ సరుకును దాచుకునే చోటు వేరు. ఇంగ్లీషు కదలిక తీరును క్రియలోనే పెడుతుంది. అది ఎటు పోయిందన్నది తర్వాత వచ్చే చిన్న మాటకు వదిలేస్తుంది, అవుట్, అప్, అక్రాస్ అని. మనం ఎటు పోయిందన్నదాన్ని క్రియలో పెడతాం: వచ్చింది, వెళ్ళింది, ఎక్కింది, దిగింది, దూరింది. తీరును దానికి ముందు ఒక అనుకరణ పదంలో చెబుతాం. డాన్ స్లోబిన్ అనే పండితుడు ఈ తేడాను భాషాభాషల్లో పోల్చడానికి ఒక బొమ్మల పుస్తకం వాడాడు. మెర్సర్ మేయర్ 1969లో వేసిన కప్ప కథ అది, ఒక్క అక్షరం ఉండదు. అందులో ఒక పిల్లవాడు చెట్టు తొర్రలోకి తొంగిచూస్తాడు, లోపలి నుంచి గుడ్లగూబ బయటికి వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు పాప్ అవుట్ అనో ఫ్లై అవుట్ అనో తీరును కలిపి చెబుతారు. స్పానిష్‌వాళ్ళు ఎక్కువగా బయటికి వచ్చిందని ఊరుకుంటారు. ఆ బొమ్మను తెలుగువాళ్ళ ముందు పెడితే క్రియ 'వచ్చింది' అనే ఉంటుంది, కానీ కథ చెప్పే రుచి తెలిసినవాళ్ళు దాని ముందు ఒక 'గుబుక్కున' చేరుస్తారు. మన క్రియ సాదాది, దాని ముందు నడిచే మాట మెరుపుది. పైగా వరస చూడండి. ముందు 'తుర్రుమని' వినపడుతుంది, ఆ తర్వాతే 'ఎగిరిపోయింది' అని తెలుస్తుంది. చెట్టు కింద నిలబడ్డప్పుడు జరిగేదీ అదే. రెక్కల చప్పుడు ముందు, పిట్ట లేదన్న సంగతి తర్వాత.

రైలు యార్డులో పనిచేసినవాళ్ళకు ఈ తేడా ఇంకో చోట కనిపిస్తుంది. షంటింగ్ రకాల్లో ఫ్లై షంటింగ్ అని ఒకటుంది. ఇంజన్ వ్యాగన్‌ను లాక్కుంటూ వస్తుంది. నడుస్తుండగానే కప్లింగ్ విప్పుతారు. ఇంజన్ వేగం పెంచి ముందుకు పోయి, పట్టాలు రెండుగా చీలే చోట ఉండే పాయింట్లు దాటేస్తుంది. దానికీ వెనక వస్తున్న వ్యాగన్‌కూ మధ్య దొరికిన ఆ కాస్త సందులో పాయింటు మార్చాలి. వ్యాగన్ పక్క లైనులోకి పోతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే రెండూ ఒకే లైనులో ఉంటాయి. అందుకే ఇది ప్రమాదకరమైన పద్ధతి, నియమాలు దీన్ని అదుపులో పెట్టాయి. దీన్ని ఇంగ్లీషులో రాస్తే ఇంజన్ డార్ట్ చేస్తుంది, పాయింటు ఫ్లిక్ అవుతుంది, వ్యాగన్ రోల్ అవుతుంది. తెలుగులో చెబితే ఇంజన్ సర్రున పోవాలి, పాయింటు ఠక్కున పడాలి, వ్యాగన్ దానంతటది దొర్లాలి. సర్రున, ఠక్కున అన్న రెండు మాటలూ తీసేసి ఈ పని ఎవరికైనా నేర్పి చూడండి, కుదరదు. ఇక్కడ అనుకరణ పదం అలంకారం కాదు, పని కొలత.

నిప్ అనే క్రియకు ఈ ఊరి పెద్దల దగ్గర ఉన్న జవాబు నాకు చాలా ఇష్టం. నిప్ అంటే పని మధ్యలో చిన్న అవసరానికి వెళ్ళి వెంటనే తిరిగి రావడం, దుకాణానికో పక్కింటికో. దూరం కొద్దిగా ఉండాలి, తిరిగి రావడం ఖాయంగా ఉండాలి. తెలుగులో ఒక్క క్రియ లేదనుకుంటాం. శ్రీకాకుళం నుంచి వచ్చిన బామ్మ మనవణ్ణి పిలిచి, "ఒరే గుంటడా, పాల పేకట్టుకి బేగెల్లి బేగొచ్చీరా" అంటుంది. బేగి వెళ్ళి బేగి రా. పోవడంలో ఒక 'బేగి', రావడంలో ఒక 'బేగి'. రానూపోనూ రెండు వైపులా వేగాన్ని సమంగా పంచింది. నిప్ ఒక్క ముక్కలో దాచిన తిరుగుప్రయాణాన్ని ఈ మాట విప్పి చూపిస్తుంది.

విస్క్‌కు మాత్రం ఇంత చెప్పక్కర్లేదు. అది ఒంటరిగా పోదు, ఎవరినో దేన్నో వెంట తీసుకుపోతుంది. పెళ్ళివారు వధువును కారెక్కించి చిటికెలో తీసుకుపోతే అది విస్క్. మన 'ఎగరేసుకుపోవడం' దానికి చక్కగా అతుకుతుంది. జిప్ ఉత్త చప్పుడుగా పుట్టింది. 1923లో గుడ్‌రిచ్ కంపెనీ తన రబ్బరు బూట్లకు పెట్టిన జిప్పర్ అన్న పేరుతో మన సంచుల మీదికీ ప్యాంట్ల మీదికీ ఎక్కింది.

మళ్ళీ ఫ్లిట్ దగ్గరికి రావాలి, తెలుగులోకి తేవడానికి అన్నిటికన్నా మొండి మాట అదే. స్కాట్లండులో, ఉత్తర ఇంగ్లండులో ఫ్లిట్ అంటే ఇల్లు మారడం. సామాను మోసుకుని ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పోవడమే నార్స్ నుంచి వచ్చిన దాని మొదటి అర్థానికి దగ్గర. బదిలీ వచ్చినప్పుడల్లా క్వార్టర్ మారే రైల్వే కుటుంబాలకు ఇది కొత్తేమీ కాదు. పిట్టకు ఈ మాట వాడినప్పుడూ ఆ అర్థం అడుగున ఉండనే ఉంది: అది ఎక్కడా కాపురం పెట్టదు. 'రివ్వున' అంటే తిన్నగా పోతుంది, అది డార్ట్. 'తుర్రున' అంటే పారిపోతుంది, తిరిగి రాదు. ఫ్లిట్‌లో పారిపోవడం లేదు, గురి లేదు, ఒక చోట నిలవకపోవడం మాత్రమే ఉంది. దీన్ని తెలుగువాళ్ళు క్రియలోనూ పెట్టలేదు, అనుకరణ పదంలోనూ పెట్టలేదు. చోటులో పెట్టారు. పువ్వు పువ్వుకీ వాలుతోంది. కొమ్మ కొమ్మకీ ఎగురుతోంది. చేరిన చోటును జంట చేయగానే ఎక్కడా నిలవనిదని తెలిసిపోయింది. 'వాలు' అన్న నెమ్మది క్రియ మారకుండానే ఉంది, పువ్వు రెండుసార్లు రావడంతో సీతాకోకచిలుక ఎగిరింది.

స్కిమ్ దగ్గర తెలుగు చేసే పని ఇంకోటి. నీటిని తాకీ తాకనట్టు ఎగిరింది. ఔననీ కాదనీ ఒకే క్రియను రెండుసార్లు పక్కపక్కన పెడతాం. ఆ రెండింటి మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులోంచి పిట్ట పోతుంది. ఇదే మూసలో ఆనీ ఆనకుండా, కనిపించీ కనిపించనట్టు, వినీ విననట్టు. ఇంగ్లీషు ఈ తేలిక క్రియలన్నిటినీ ఒంటి మీంచి ముఖం మీదికి, మనసు మీదికి తేలిగ్గా ఎక్కిస్తుంది. కళ్ళు డార్ట్ చేస్తాయి, గుండె ఫ్లటర్ అవుతుంది, పేజీల మీద చూపు స్కిమ్ అవుతుంది, పెదవుల మీద నవ్వు ఫ్లిట్ అవుతుంది. అనువాదకులు ఆ చివరిదాని దగ్గర ఆగిపోయి, చిరునవ్వు వేగంగా కదిలిందని రాయలేక, మెరిసిందని సరిపెట్టుకుంటారు. మెరిస్తే వెలుగు వచ్చింది గానీ, వచ్చి నిలవకుండా పోయిందన్న సంగతి రాలేదు. ఆమె నవ్వీ నవ్వనట్టు నవ్వింది అంటే మొత్తం వస్తుంది.